ఎవరూ లేనప్పుడు అరిచే కంప్యూటరు

ఈ సంగతి జరిగి చాలా ఏండ్లయింది. ఇన్నాళ్లు ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. నలభై ఆరేండ్ల వయసులో అక్షరాలు దిద్దినాను. దిద్దిన తర్వాత కూడా చాలాకాలం బస్సు బోర్డు చదివేంత, రిజిస్టరులో పేరు రాసేంత చదువే ఉండింది. ఒక కోపాన్ని మొదటి నుంచి చివరిదాకా రాయాలంటే ఆ మాత్రం చాలదు. చాలేంత వచ్చేసరికి ఇంకో అడ్డం వచ్చింది. ఉద్యోగంలో ఉన్నాను. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇట్లాంటివి రాయరు. ఇప్పుడు రిటైరయినాను. నన్ను తీసేసేవాళ్లు ఎవరూ లేరు.

రాసే ముందు, కోపం ఏమైనా తగ్గిందేమో అని చూసుకున్నాను. తగ్గలేదు. అందుకే పేర్లు రాయడం లేదు. పేర్లు రాస్తే ఆ మనుషుల మీదికే పోతుంది చదివేవాళ్ల కన్ను. నాకు కావలసింది అది కాదు. ఇప్పుడు ఆఫీసుల్లో కొత్తగా చేరే పిల్లలు చదవాలని రాస్తున్నాను.

ఉరవకొండ వైపు ఒక మండల కేంద్రంలో మా ఆఫీసు. రోజుకూలి మీద చేరినాను. పొద్దున్నే తలుపులు తీసి కసువు ఊడ్చేది, కుండల్లో నీళ్లు నింపేది, టీలు తెచ్చేది, గ్లాసులు కడిగేది, సాయంత్రం తాళాలు వేసుకుని పోయేది. తొమ్మిదేండ్లు అట్లే చేసినాను. ఆ ఏడు నన్ను పర్మినెంటు చేయమని కాగితం పైకి పోయి ఉండింది. నా మీద ఒక్క రిమార్కు లేకపోతే అవుతుంది, ఉంటే కాదు. అంతే లెక్క. నా తొమ్మిదేండ్లూ ఆ ఒక్క మాట మీద నిలబడి ఉండినాయి.

ఆఫీసుకు ఉన్నది ఒకే కంప్యూటరు. వెనకపక్క చిన్న గదిలో ఉండేది. దాని మీద పిల్లల కులం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు కొట్టేవాళ్లు. బళ్లు తెరిచే నెలలో వరండా అంతా జనమే. ఆపరేటరు నాకంటే పదిహేనేండ్లు చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది. ఇంట్లో ఉగ్గాని చేస్తే నాకూ ఇంత తెచ్చేది. ఆమె కూడా కాంట్రాక్టు మనిషే.

మా దిక్కు గాలి సంగతి మీకు తెలుసు. పొద్దున బల్ల తుడిస్తే పది గంటలకల్లా దాని మీద వేలితో ముగ్గు వేయొచ్చు. ఆ దుమ్ముకు కంప్యూటరు పాడవుతుందని మా హెడ్‌క్లర్కు దానికి ఒక గవుసు కుట్టించినాడు. జీపు సీట్లకు వేసే మందం రెగ్జిను. కింద అంచుకు నాడా. కొలతలు తానే తీసుకున్నాడు. తెరకు రెగ్జిను చాల్లేదు, అందుకని కంప్యూటరు పెట్టెకు మాత్రమే. వేరే ఆఫీసుల వాళ్లు వస్తే ఆ గదికి పిల్చుకపోయి మరీ చూపించేవాడు. ఆయన ఆర్డరు ఏమంటే, ఆపరేటరు కుర్చీలోంచి లేస్తే చాలు, నేను గవుసు వేసేయాల. కంప్యూటరు ఆపకుండానే. ఆపి మళ్లీ పెట్టాలంటే టైము పోతుందని.

ఒకసారి ఎవరో మౌసు కింద ఉండే రబ్బరు ఉండను ఎత్తుకపోయినారు. అప్పటి నుంచి మధ్యాహ్నం ఆపరేటరు అన్నానికి ఇంటికి పోతే, ఆ గదిలో కాపలా నాదే. వానల ముందు నెల కాబట్టి నేను మా చేనుకు విత్తనం శెనక్కాయలు తెచ్చుకుని, అక్కడ కూర్చుని ఒలుచుకునేదాన్ని.

ఇట్లా ఉండగా పైనుంచి ఆర్డరు వచ్చింది. కంప్యూటర్లలో ఉన్న పాతదాన్ని తీసేసి లినక్స్ అనే కొత్తదాన్ని ఎక్కించాలని. పాతది దొంగ కాపీ అంట, ఇది ఊరికే వచ్చేదంట. కాంట్రాక్టు కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఒక రోజంతా కూర్చుని ఎక్కించినాడు. ఒళ్లంతా నల్లగా, పొట్ట తెల్లగా ఉండే ఒక పక్షి బొమ్మ వచ్చింది తెర మీద. ఆపరేటరు రెండు రోజులు యాడ ఏముందో తెలియక ఏడుపు ముఖంతో తిరిగింది.

నాకు తెలిసిన తేడా ఒకటే. పాతది పొద్దున ఆన్ చేస్తే ఒక పాట పాడేది. నేను పక్క గదిలో ఊడుస్తా ఆ పాట విని, ఆపరేటరు వచ్చింది, టీ పెట్టాల అనుకునేదాన్ని. కొత్తది పాడలేదు. టుక్ అని ఒక చప్పుడు, అంతే.

మూడో రోజు మధ్యాహ్నం అది అరిచింది.

మామూలు కూత కాదు. పీ... పో... పీ... పో... అని, దూరం నుంచి అంబులెన్సు వస్తున్నట్టు. ఒళ్లో ఉన్న శెనక్కాయలన్నీ కింద పోసేసి బయటికి పరుగెత్తినాను. ఆపరేటరు ఇల్లు ఆఫీసు వెనకాలే. అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చి, గవుసు లాగేసి, ఎడమ చేత్తో మౌసు కదిలించింది. కాసేపటికి కూత ఆగిపోయింది. వరండాలో సర్టిఫికెట్టు కోసం కూర్చున్న ఒక ముసలాయన అన్నాడు:

"ఏమ్మా, మీరు మాత్రమే తింటే ఎట్ల? దానికీ ఇంత ముద్ద పెట్టండి."

ఆ రోజు అందరం నవ్వినాము. నేనూ నవ్వినాను.

తెల్లారి మధ్యాహ్నం మళ్లీ అరిచింది. ఆ తర్వాత రోజు అరిచి అరిచి, దానంతటదే ఆరిపోయింది. పొద్దుటి నుంచి కొట్టినవి కొన్ని పోయినాయి. శింగనమల దిక్కు హాస్టల్లో పిల్లను చేర్చాలని వచ్చిన ఒకామె, రెండో రోజు కూడా ఉత్త చేతులతో పోతా పోతా నా ముందరే నేల మీద ఉమ్మేసి పోయింది. ఆమె తప్పేముంది.

ఇంజనీరును పిలిపించినారు. వచ్చి కంప్యూటరు ఎదురుగా గంటసేపు కూర్చున్నాడు. ఏవేవో మీటలు నొక్కినాడు. అది ఒక్క కూత కూయలేదు. మూత విప్పి, దుమ్ము ఊది, టీ తాగి పోయినాడు. ఆయన బస్సెక్కిన మరుసటి రోజే అరిచింది. మళ్లీ వచ్చినాడు. లోపలి ఫ్యాను మార్చినాడు. ఆయన కూర్చున్నంతసేపూ బుద్ధిగా ఉండింది. పోయినాడు, అరిచింది. మూడోసారి వచ్చినప్పుడు ఆయనకూ విసుగొచ్చింది.

"అరిచేటప్పుడు గదిలో ఎవరుంటారండీ?" అని అడిగినాడు.

హెడ్‌క్లర్కు పెన్నుతో నన్ను చూపించినాడు. "ఈమె ఒక్కతే."

ఇంజనీరు కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా నవ్వినాడు. "అయితే మిషన్‌లో ఏమీ లేదు సార్. మనిషిలో ఉంది."

మూడుసార్లు వచ్చి ఆయన కనిపెట్టింది ఇది.

"ఏం కెలుకుతాండావు నువ్వు?" అన్నాడు హెడ్‌క్లర్కు.

"నేనేం ముట్టలేదు సార్. మీరు చెప్పినట్ల గవుసు వేస్తా, అంతే."

"మరి మేమున్నప్పుడు అరవనిది నువ్వున్నప్పుడు ఏంటికి అరుస్తాది? బొమ్మలు చూసేకి మీటలు నొక్కుతాండావు. నాకు తెల్దనుకున్నావా?"

బొమ్మల మాట నిజమే. ఆపరేటరు లేచిపోయిన కాసేపటికి తెర మీద రంగురంగుల గొట్టాలు పుట్టేవి. మెలికలు తిరిగి, ఒకదాని సందులో ఒకటి దూరి, తెర నిండిపోతానే చెరిగిపోయి, మళ్లీ పుట్టేవి. చూసినాను. అబద్ధమెందుకు, బాగుండేవి కూడా. కానీ అవి నేను పిలిస్తే వచ్చినవి కావు. ఆ ముక్క చెప్పబోతే "గమ్మునుండు" అన్నాడు.

అరగంట తర్వాత నన్ను కంప్యూటరు గదికి పిలిచినారు. ఆపరేటరు ఏదో టైపు చేస్తా ఉండింది. గొంతెండిపోతాంది అక్కా అంటే, పోయి కుండలో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టినాను. కాగితం బయటికి వచ్చింది. హెడ్‌క్లర్కు ఇంకు ప్యాడు ముందుకు తోసినాడు.

"ఇంజనీరు వచ్చిపోయినట్టు సాక్షి. వేయి."

వేసినాను. ఆ రోజుల్లో నా వేలు నాకంటే ముందు పోతా ఉండింది. ఆఫీసులో ఎవరు ఏ కాగితం చూపించినా వేసేదాన్ని. వేలికి అంటిన ఇంకు తలకు రాసుకుని పనిలో పడేదాన్ని.

రెండు రోజుల తర్వాత వెనక కొళాయి దగ్గర గ్లాసులు కడుగుతా ఉంటే ఆపరేటరు వచ్చి నిలబడింది.

"అక్కా, ఆ కాగితంలో ఏముందో నీకు చెప్పినారా?"

"ఇంజనీరు వచ్చిపోయినట్టు."

ఆమె నా ముఖం చూడలేదు. "అట్ల కాదక్కా. పర్మిషన్ లేకుండా నువ్వు కంప్యూటరు కెలికినావని, దాంతోనే అది చెడిపోయిందని, ఇంకోసారి జరిగితే నిన్ను పనిలోంచి తీసేయొచ్చని ఉండాది."

"నీకెట్ల తెలుసు?"

"నేనే టైపు చేసినా."

నేను అదే గ్లాసును కడుగుతానే ఉన్నాను. ఎన్నిసార్లు కడిగినానో తెలియదు.

"నువ్వు అది కొడతాంటే నీకు నీళ్లు తెచ్చి పెట్టినా కదమ్మా," అన్నాను.

"నన్నేం చెయ్యమంటావక్కా? నాదీ కాంట్రాక్టే. కొట్టమన్నారు, కొట్టినా."

ఆమె భయం నాకు ఆ రోజే అర్థమైంది. క్షమించడం వేరే పని. అది ఇప్పటికీ చేయలేదు.

ఇంక కంప్యూటరును ముట్టొద్దని హెడ్‌క్లర్కు కూడా చెప్పినాడు. ఆ రోజు నుంచి నేను ఆ గది గడప తొక్కలేదు. ముట్టొద్దనే మాట మా వాళ్లకు కొత్త కాదు. మా నాయన బావి దగ్గర విన్నాడు, మా అమ్మ హోటలు దగ్గర వినింది, నేను కంప్యూటరు దగ్గర వినినాను. సరే అని చెప్పి, గది బయట వరండాలో, కిటికీకి ఎదురుగా చాప పరుచుకుని కూర్చున్నాను. శెనక్కాయల చేట ముందర పెట్టుకున్నాను. నేను లోపల లేను. ఇప్పుడు అరవనీ చూద్దాం అనుకున్నాను.

అన్నానికి పోతా ఆపరేటరే గవుసు వేసి పోయింది. కాసేపటికి తెర మీద గొట్టాలు వచ్చినాయి. నేను ఒలుస్తా ఉన్నాను. సరిగ్గా ఒక శేరు కాయలు అయినాయి, అది అరిచింది.

నాకు ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. ఒళ్లంతా మంట పుట్టింది. నేను బయట ఉన్నాను. పెట్టె లోపల అరుస్తాంది. ఇంత చిన్న సంగతి చూడడానికి మూడుసార్లు వచ్చిన ఇంజనీరుకు కుదరలేదు. ఎందుకంటే ఆయన వస్తే గవుసు తీసి పక్కన పెట్టేవాళ్లు. ఆయన కూర్చుంటే గొట్టాలు వచ్చేవి కావు. ఆయన ఉన్నంతసేపూ అక్కడ ఉన్నది వేరే కంప్యూటరు.

మర్నాడు ఆపరేటరు గవుసు వేయడం మరిచిపోయి పోయింది. నేను లోపలికి పోయి వేయలేదు, ముట్టొద్దన్నారు కదా. గొట్టాలు వచ్చినాయి. ఒక శేరు అయింది, రెండో శేరూ అయింది. అరవలేదు. ఆ పైరోజు జనం ఎక్కువుండి ఆపరేటరు అన్నానికి పోకుండా టైపు కొడతానే ఉండింది. గాలి బాగా కొడతాంటే హెడ్‌క్లర్కు వచ్చి, ఆమె కూర్చుని ఉండగానే పెట్టెకు గవుసు తొడిగినాడు. ఆమె చేతులు ఆగలేదు, కాబట్టి గొట్టాలు రాలేదు. ఆ రోజూ అరవలేదు.

అంటే ఒట్టి గవుసుకు అరవదు. ఒట్టి గొట్టాలకు అరవదు. రెండూ కలిస్తేనే అరుస్తాంది. నాలుగో రోజు రెండూ కలిసినాయి. అరిచింది. ఆపరేటరు పరుగెత్తుకొచ్చినప్పుడు, ఆ ఒక్కసారి గడప దాటి గవుసు మీద చెయ్యి పెట్టినాను. రొట్టెల పెనం మాదిరి కాలింది.

పోయి హెడ్‌క్లర్కుకు చెప్పినాను. గవుసు మాట ఎత్తేసరికి ఆయన ముఖం మారిపోయింది.

"కసువు ఊడ్చేదానివి నువ్వు చెప్తావా నాకు? పాతదానికీ ఇదే గవుసు వేసినాం కదా. ఎప్పుడైనా అరిచిందా?"

ఆయన అడిగింది మంచి ప్రశ్నే. కానీ దాన్ని జవాబు కోసం అడగలేదు, నోరు మూయించడానికి అడిగినాడు. "ఈ వారం ఇంజనీరు వస్తాడు. ఆఫీసరు సారు ముందరే తేల్చేద్దాం నీ సంగతి," అన్నాడు.

ఆ రోజు వచ్చింది. మా ఆఫీసరు బదిలీ మీద కొత్తగా వచ్చినాయన, మాట తక్కువ. కంప్యూటరు గదిలో ఆయన, హెడ్‌క్లర్కు, ఇంజనీరు, ఆపరేటరు. హెడ్‌క్లర్కు చేతిలో ఫైలు, పైన నా వేలిముద్ర కాగితం. నేను గడప బయట. ఇంజనీరు ఎప్పటి మాదిరే కూర్చుని మీటలు నొక్కుతా ఉన్నాడు, అది ఎప్పటి మాదిరే బుద్ధిగా ఉంది.

"చూసినారు కదా సార్," అన్నాడు హెడ్‌క్లర్కు. "మనముంటే ఏమీ లేదు."

"సార్, నేనొక మాట చెప్తా," అన్నాను. "మీరందరూ బయటికి రండి. ఎవరూ దాన్ని ముట్టొద్దండి. ఆపరేటరమ్మ గవుసు వేసి రానీ. తలుపుకు తాళం వేసి తాళంచెవి మీరే పెట్టుకోండి. ఒక శేరు శెనక్కాయలు ఒలిచేంత సేపు కూర్చోండి. అరవకపోతే రేపటి నుంచి నేను రాను. నన్ను తీసేసే పని కూడా మీకుండదు."

ఇంజనీరు నవ్వినాడు. "శేరు శెనక్కాయలంటే ఎన్ని నిమిషాలండీ?"

"నీకు గడియారముండాది కదప్పా, చూసుకో."

ఆఫీసరు లేచి బయటికొచ్చి వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. ఆయన వస్తే అందరూ రావలసిందే. ఆపరేటరు గవుసు వేసి, తలుపుకు తాళం వేసి తాళంచెవి ఆయన చేతికిచ్చింది. నేను చాప మీద కూర్చుని చేట ముందరికి లాక్కున్నాను. వరండాలో సర్టిఫికెట్ల జనం కూడా కిటికీ వంకే చూస్తా కూర్చున్నారు. నా వేళ్ల కింద కాయలు చిట్లే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కిటికీలోంచి గొట్టాలు కనపడినాయి. ఆఫీసరు వంగి నాలుగు గింజలు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. విత్తనం గింజలు తినేస్తాండాడే అనుకున్నాను. అంత కోపంలో కూడా అట్లా అనిపించింది.

ఎక్కువ కాయలు ఒలిచేకొద్దీ నా చేతులు నిదానమైనాయి. అరవకపోతే? ఈ రోజే అరవకపోతే? మళ్లీ గట్టిగా ఒలిచినాను. చేటలో ఇంక ఒక దోసెడు మిగిలి ఉండింది.

పీ... పో... పీ... పో...

వరండా అంతా లేచి నిలబడింది. ఇంజనీరు ఆఫీసరు చేతిలోంచి తాళంచెవి లాక్కున్నట్టే తీసుకుని లోపలికి ఉరికినాడు. గవుసు మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. గవుసు పీకేసి, తెర వంక చూసి, "అయ్యో" అన్నాడు. అది ఆయన మొదటి నిజమైన మాట.

కూర్చుని ఏవో చూసుకుని ఆఫీసరుకు చెప్పినాడు. "సార్, నేను లినక్స్ ఎక్కించినప్పుడు బొమ్మలు గీసే కార్డుకు కావలసింది సరిగ్గా పెట్టలేదు. ఎవరూ వాడనప్పుడు ఈ గొట్టాల బొమ్మ దానంతటదే వస్తుంది. కార్డు గీయవలసిన బొమ్మను కంప్యూటరు మెదడే గీస్తోంది. ఎవరూ లేనప్పుడే దానికి ఎక్కువ పని. దాని మీద ఈ రెగ్జిను. వేడి బయటికి పోయే దారి లేదు. ఎక్కువ వేడెక్కితే అలారం కొడుతుంది. ఇంకా వేడెక్కితే ఆరిపోతుంది."

"పాతదానికి ఎందుకు అరవలేదు?" అని నేనడిగినాను. హెడ్‌క్లర్కు అడిగిన ప్రశ్నే. ఇప్పుడు అది నాది.

"పాతదాంట్లో వట్టి నల్ల తెర వచ్చేదమ్మా. పని లేదు, వేడి లేదు." మొదటిసారి నన్ను అమ్మా అన్నాడు.

ఐదు నిమిషాల్లో గొట్టాలు తీసేసి నల్ల తెర పెట్టినాడు. గవుసు ఆఫీసు మూసినాకే వేయాలన్నాడు. టీలు తెమ్మన్నారు. తెచ్చినాను. అందరూ తేలిక పడినారు. ఇంజనీరు తన రిపోర్టు రాసుకున్నాడు. లోపం కనుక్కుని సరిచేసింది ఇంజనీరే అని అందులో ఉందంట. నా మాట, శెనక్కాయల మాట లేవు. పోనీ, దాని గురించి నేను ఇప్పుడు కొట్లాడను.

ఖాళీ గ్లాసులు తీసుకుంటా హెడ్‌క్లర్కును అడిగినాను. "సార్, నా కాగితం చించేయండి."

"ఏ కాగితం?"

"నేను కెలికినానని రాయించుకున్న కాగితం."

ఆయన ఆపరేటరు వంక ఒక చూపు చూసినాడు. తర్వాత నా వంక తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పినాడు. "అది ఫైల్లో నంబరు పడిపోయింది. నంబరు పడిన కాగితాన్ని తీయకూడదు. దాన్ని ఎవరు చూస్తారు? గమ్మున పని చూసుకో. అంతా అయిపోయింది కదా."

ఎవరికి అయిపోయింది? నా పర్మినెంటు కాగితం పైన కూర్చుని ఉంది. రేపు ఎవరో ఈమె మీద రిమార్కులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఫైలు తెరుస్తారు. కంప్యూటరు ఎందుకు అరిచిందో ఆ ఫైల్లో ఉండదు. నేను చెడగొట్టినానని నా వేలే చెప్తా ఉంటుంది. ఆఫీసరు అప్పటికే జీపెక్కి పోయినాడు. ఆ సాయంత్రం తాళాలు వేసుకుని ఇంటికి నడిచిపోయినాను.

మరుసటి రోజు పొద్దున ఎప్పటికంటే ముందే వచ్చినాను. తలుపు తీసి, పొరక ముట్టకుండా, నేరుగా హెడ్‌క్లర్కు బీరువా దగ్గరికి పోయినాను. దాని తాళంచెవి యాడ పెడతాడో తొమ్మిదేండ్లుగా నాకు తెలుసు. ఫైళ్లన్నీ కింద దించినాను. నాకు చదువు రాదు, కానీ నా వేలు నాకు తెలియదా అనుకున్నాను.

ఒక్కో ఫైలూ తిప్పినాను. వేలిముద్రలు. ఎన్నెన్నో వేలిముద్రలు. రైతులవి, గొర్రెలు మేపేవాళ్లవి, ముసలమ్మలవి. అన్నీ ఒకే మాదిరి, నీలం చుక్క, లోపల సన్నని గీతలు. ఇది నాదేనేమో అని ఒకటి చూస్తాను, ఇంకోటీ అట్లే ఉంటుంది. నా వేలు పక్కన పెట్టి చూసుకున్నాను. అన్నిటికీ సరిపోయినట్టే ఉంది. నా వేలు నేను పోల్చుకోలేకపోయినాను. ఆ పూట నాకు వచ్చినంత కోపం ఇంతవరకూ మళ్లీ రాలేదు. దాంట్లో సగం నా మీదే.

ఫైళ్లన్నీ ఎక్కడివక్కడ పెట్టినాను. బీరువా మూసి, ఆఫీసు తలుపుకు మళ్లీ తాళం వేసి, తాళాలగుత్తి కొంగున ముడేసుకుని మెట్టు మీద కూర్చున్నాను.

హెడ్‌క్లర్కు పది కావస్తుంటే వచ్చినాడు. "ఏమ్మే, తలుపు తీయి."

"నా కాగితం తీస్తే తీస్తా."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది సార్."

ఆపరేటరు వచ్చింది. సర్టిఫికెట్ల జనం వచ్చినారు. అందరూ చుట్టూ నిలబడినారు. ఎవరో ఒకాయన "తీయమ్మా, మా పని చెడిపోతాంది" అంటే, "నాదీ చెడిపోతాంది అన్నా, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. కాసేపటికి ఆఫీసరు జీపు వచ్చింది. ఆయనకు అంతా చెప్పినాను. చివరిదాకా విన్నాడు. "తలుపు తీయమ్మా. ఆ కాగితం నేను బయటికి తెప్పిస్తాను," అన్నాడు. తీసినాను. గడప మాత్రం దాటలేదు.

హెడ్‌క్లర్కు కాగితం తెచ్చినాడు. చించడానికి కుదరదు, దాని కిందే ఇంకోటి రాయమన్నాడు ఆఫీసరు. రాసినాడు. ఇంకు ప్యాడు నా ముందర పెట్టినాడు.

"ముందు చదవండి సార్," అన్నాను.

చదివినాడు. చప్పుడుకూ ఈ పనిమనిషికీ సంబంధం లేదు, కొత్తగా ఎక్కించిన దాంట్లోని బొమ్మల వల్ల కంప్యూటరు వేడెక్కింది, పైన రాసింది చెల్లదు, అని.

"గవుసు మాట యాడ సార్?"

ఆయన ఆఫీసరు వంక చూసినాడు. ఆఫీసరు "రాయండి" అన్నాడు. రాసి, మళ్లీ మొదటి నుంచి చదివినాడు. ఈసారి గవుసు ఉంది. మళ్లీ ప్యాడు ముందుకు తోసినాడు. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"తప్పు నాది కానప్పుడు నా వేలెందుకు సార్? మీ సంతకాలు చేయండి. మీది, ఆపరేటరమ్మది, సారుది."

చేసినారు, ముగ్గురూ. ఆపరేటరు కండ్లు తుడుచుకుంటా చేసింది.

"ఇప్పుడు ఇంకోసారి చదవండి సార్. వరండాలో అందరికీ వినపడేట్ల."

ఆయన చదువుతా, గవుసు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించినాడు.

"గట్టిగా సార్," అన్నాను. "వెనకాల కూర్చున్నోళ్లకు వినపడలే."

గట్టిగా చదివినాడు. చివరిదాకా విని, లోపలికి పోయి పొరక తీసుకున్నాను. ఆ రోజు ఆఫీసు కసువు పదకొండు గంటలకు ఊడ్చినాను.